బైనరీ ట్రీ లెక్కలు రికర్షన్‌తో చేయడం ఎలా: కోడ్ కంటే ముందు రాయాల్సిన ఒక్క వాక్యం

ఒక కాగితం తీసుకోండి. పైన 50 రాయండి. దానికి ఎడమ 30, కుడి 70. 30 కింద ఎడమ 20, కుడి 40. 70కి ఎడమవైపు ఏమీ లేదు, కుడివైపు 90 ఉంది. 90కి కుడివైపు ఖాళీ, ఎడమవైపు 80. ఇదే ఒక బైనరీ ట్రీ: ఒక్కో సంఖ్య ఒక నోడ్, అన్నిటికంటే పైనున్న 50 రూట్, ఒక నోడ్ కింద వేలాడేవి దాని చైల్డ్‌లు, ఎక్కువలో ఎక్కువ రెండు. మొత్తం ఏడు నోడ్లు. చదవడం అయ్యేదాకా ఈ కాగితాన్ని పక్కనే ఉంచుకోండి. 70కి ఒకే చైల్డ్ ఉండేలా కావాలనే గీయించాను. ట్రీ లెక్కల్లో కాలు జారేది ఎక్కువగా అక్కడే, నేనూ అక్కడే జారాను. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

రికర్షన్ అనగానే చాలామంది చేసే పని ఒకటుంది. ఫంక్షన్ తనను తాను పిలుచుకున్న ప్రతిసారీ మనసులోనే దాని వెంట పడతారు. 50 నుంచి 30కి, 30 నుంచి 20కి, 20 ఎడమకి, అది ఖాళీ, వెనక్కి... మూడో మెట్టు దిగేసరికి ఎక్కడున్నామో తెలియదు. తెలివి తక్కువై కాదు. అన్ని పిలుపులను ఒకేసారి గుర్తుపెట్టుకోవడం మనిషి పని కాదు, దానికి కంప్యూటర్‌లో స్టాక్ (సగంలో ఆగిన పిలుపులను గుర్తుపెట్టుకునే చోటు) ఉంది. మన పని వేరే.

పెళ్లి భోజనాల లెక్క

పెళ్లికి ఎన్ని విస్తళ్లు కావాలో తాతగారు తేల్చాలి. ఇద్దరు కొడుకుల్ని పిలిచి "మీ వైపు నుంచి మొత్తం ఎంతమందిరా?" అని అడుగుతారు. వాళ్లు తమ పిల్లల్ని అదే మాట అడుగుతారు. పిల్లలు లేనివాడు "నేనొక్కణ్ణే" అంటాడు. కబుర్లు తిరిగొచ్చాక తాతగారు చేసేది ఒక్క కూడిక: పెద్దవాడు చెప్పింది, చిన్నవాడు చెప్పింది, తాను ఒకరు. ఆయన మనవళ్ల ఇళ్లకు వెళ్లి తలలు లెక్కపెట్టరు. కొడుకులు సరిగ్గా లెక్క చెబుతారన్న నమ్మకం మీదే పని నడుస్తుంది.

ఇదే కోడ్‌లో:

    ఫంక్షన్ లెక్క(నోడ్):
        నోడ్ ఖాళీ అయితే: రిటర్న్ 0
        ఎ = లెక్క(నోడ్.ఎడమ)
        కు = లెక్క(నోడ్.కుడి)
        రిటర్న్ ఎ + కు + 1

పైథాన్ అయినా, జావా అయినా, సీ ప్లస్ ప్లస్ అయినా ఆకారం ఇదే. ఇకపై వచ్చే లెక్కలన్నీ ఈ ఐదు లైన్లకు చేసే మార్పులే.

మొదటి అడుగు: వాగ్దానం రాయండి

కీబోర్డు ముట్టుకోకముందు ఒక్క వాక్యం రాయండి, తెలుగులోనే: "ఈ ఫంక్షన్‌కి ఏ నోడ్ ఇచ్చినా, ఆ నోడ్ కింద ఉన్న మొత్తం నోడ్ల సంఖ్యను, దాన్నీ కలుపుకుని, తిరిగి ఇస్తుంది." దీన్ని నేను వాగ్దానం అంటాను.

వాక్యంలో "రూట్" అన్న మాట వచ్చిందంటే మళ్లీ రాయండి. ఫంక్షన్‌కి తాను రూట్ దగ్గర ఉన్నానో, మారుమూల కొమ్మ మీద ఉన్నానో తెలియదు, తెలియనక్కర్లేదు. "ఏ నోడ్ ఇచ్చినా" అన్నమాటే ఇక్కడ అసలు బలం. ఒక్క వాక్యంలో పట్టడం లేదంటే మీరు ఒకే ఫంక్షన్‌తో రెండు పనులు చేయించబోతున్నారని అర్థం. దాని సంగతి మూడో అడుగులో తేలుతుంది.

రెండో అడుగు: ఖాళీ చెట్టుకు జవాబు

నల్ రిఫరెన్స్‌ను (ఇక్కడ ఏమీ లేదని చెప్పే గుర్తును) 1965లో ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో ఒక ప్రసంగంలో దాన్ని తన వందకోట్ల డాలర్ల పొరపాటు అని చెప్పుకున్నాడు. మిగతా చోట్ల ఏమో గానీ ట్రీ రికర్షన్‌లో మాత్రం నల్ మనకు చేసే మేలు ఇంతా అంతా కాదు. "ఎడమ చైల్డ్ ఉందా? కుడిది ఉందా? రెండూ లేవా?" అని నాలుగు రకాల షరతులు రాయకుండా, నేరుగా కిందికి దిగి, ఖాళీ తగిలితే అక్కడే జవాబు చెప్పేయవచ్చు.

ఆ జవాబు ఎంత? కలిపే పనిని చెడగొట్టనిది ఏదైతే అది. కూడితే 0. గరిష్ఠం వెతుకుతుంటే రుణ అనంతం. "అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అని అడుగుతుంటే నిజం. "ఎక్కడైనా ఉందా?" అని అడుగుతుంటే అబద్ధం. అలవాటుగా అన్నిచోట్లా 0 రాసేయకండి. అన్నీ రుణ సంఖ్యలే ఉన్న ట్రీలో అతి పెద్ద విలువ వెతికితే, ట్రీలో లేనే లేని 0 జవాబుగా వస్తుంది.

ఇప్పుడు ఎత్తు. ఏ నోడ్ ఇచ్చినా దాని నుంచి అట్టడుగు లీఫ్ (కింద ఏ చైల్డూ లేని నోడ్) దాకా ఎన్ని నోడ్లున్నాయో చెప్పాలి. ఖాళీకి 0, లేకపోతే 1 + గరిష్ఠం(ఎ, కు). మన కాగితం మీద 50-70-90-80 దారి వల్ల జవాబు 4. ఒక హెచ్చరిక: చాలా పాఠ్యపుస్తకాలు ఎత్తును నోడ్లలో కాకుండా అంచుల్లో, అంటే రెండు నోడ్లను కలిపే గీతల్లో, కొలుస్తాయి. అప్పుడు ఖాళీ చెట్టు ఎత్తు -1, మన చెట్టు ఎత్తు 3. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకోకపోతే లాజిక్ అంతా సరిగ్గా ఉండి కూడా ఒకటి తేడాతో తప్పవుతుంది.

సరే, నేను జారిన చోటు. ఒక ఇంటర్వ్యూలో అతి తక్కువ లోతు అడిగారు: రూట్ నుంచి అతి దగ్గరి లీఫ్‌కి ఎన్ని నోడ్లు? "ఎత్తు లెక్కే కదా, గరిష్ఠం తీసి కనిష్ఠం పెడితే చాలు" అని అర నిమిషంలో రాసేసి, మార్కర్ కింద పెట్టి నవ్వాను కూడా. ఎదుటాయన సరిగ్గా మీ 70 లాంటి నోడ్ గీసి "దీన్ని నడిపించండి" అన్నాడు.

నడిపించి చూడండి. 70కి ఎడమ ఖాళీ, కాబట్టి 0. కుడి నుంచి 1 (90కి కూడా ఒక వైపు ఖాళీ, అక్కడా ఇదే తప్పు జరిగింది). కనిష్ఠం 0, దానికి 1 కలిపితే 1. అంటే 70 తానొక లీఫ్ అని చెబుతోంది, కింద 90, 80 వేలాడుతుండగానే. ఆ అబద్ధం 50 దాకా వెళ్లి జవాబు 2 అవుతుంది. సరైన జవాబు 3, ఎందుకంటే 20, 40 మూడో వరుసలో ఉన్నాయి. తప్పు ఎక్కడుంది? "లీఫ్" అంటే రెండు వైపులా ఖాళీగా ఉన్న నోడ్. ఒక వైపు ఖాళీ అయినంత మాత్రాన దారి అక్కడ ముగిసినట్టు కాదు. గరిష్ఠంలో 0 ఎప్పుడూ ఓడిపోతుంది కాబట్టి ఆ పొరపాటు బయటపడలేదు, కనిష్ఠంలో అదే 0 గెలిచి కూర్చుంది. మందు చిన్నదే: ఒక వైపు ఖాళీ అయితే రెండో వైపు వచ్చిన దానికి 1 కలిపి ఇవ్వండి, రెండూ ఉంటేనే కనిష్ఠం తీయండి.

దీని చుట్టమే "రూట్ నుంచి లీఫ్ దాకా మొత్తం ఇంత వచ్చే దారి ఉందా?" అన్న ప్రశ్న. 120 అడిగారనుకోండి. 120లోంచి దారిలోని నోడ్ల విలువలు తీసేస్తూ, ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడు మిగిలింది 0 అయితే "ఉంది" అనే కోడ్ 50, 70 తీసేసి, 70 ఎడమన ఉన్న ఖాళీని చూసి సంబరపడుతుంది. 70 లీఫ్ కాదు. ఈ లెక్కలో నిర్ణయం ఖాళీ దగ్గర కాదు, లీఫ్ దగ్గర తీసుకోవాలి.

మూడో అడుగు: పైకి చెప్పేది, అడిగిన జవాబు ఒకటేనా?

సులువు లెక్కలకీ మధ్యరకం లెక్కలకీ ఉన్న గీత ఇదే. ఇది పట్టుబడితే ట్రీ లెక్కల్లో సగం మీ దారికి వస్తాయి.

డయామీటర్ తీసుకోండి: ట్రీలో ఏ రెండు నోడ్ల మధ్యైనా అతి పొడవైన దారిలో ఎన్ని అంచులు? మన కాగితం మీద 20-30-50-70-90-80, అంటే 5. మొదట తట్టే వాగ్దానం "ఏ నోడ్ ఇచ్చినా దాని కింద డయామీటర్ తిరిగి ఇస్తుంది". ఇప్పుడు 50 దగ్గర నిలబడండి. ఎడమ "నా డయామీటర్ 2" అంది, కుడి కూడా "నా డయామీటర్ 2" అంది. ఈ రెండు అంకెలతో 5 ఎలా వస్తుంది? రాదు. 50కి కావాల్సింది డయామీటర్ కాదు, రెండు వైపులా ఎంత లోతుకు వెళ్లవచ్చో. తాతగారు విస్తళ్ల లెక్క అడగాల్సింది పోయి "మీ ఇంట్లో అందరికంటే పొడుగెవరు?" అని అడిగినట్టుంది.

కాబట్టి ప్రతి నోడ్ పైకి చెప్పేది తన లోతు. అడిగిన జవాబును దారిలో పక్కన రాసుకుంటూ పోవాలి:

    పొడవు = 0

    ఫంక్షన్ లోతు(నోడ్):
        నోడ్ ఖాళీ అయితే: రిటర్న్ 0
        ఎ = లోతు(నోడ్.ఎడమ)
        కు = లోతు(నోడ్.కుడి)
        పొడవు = గరిష్ఠం(పొడవు, ఎ + కు)
        రిటర్న్ 1 + గరిష్ఠం(ఎ, కు)

చివరి రెండు లైన్లను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. పై లైన్ "నా దగ్గర వంగి రెండు వైపులకూ వెళ్లే దారి" లెక్క. కింది లైన్ "నా తల్లి నోడ్ వాడుకోగలిగే దారి" లెక్క. తల్లి నోడ్ నుంచి దిగొచ్చే దారి నా దగ్గరికొచ్చాక ఒక వైపే పోగలదు, రెండు వైపులకూ చీలలేదు. అందుకే జవాబులో కూడిక, రిటర్న్‌లో గరిష్ఠం.

అన్ని నోడ్ల దగ్గరా పొడవు చూసుకోవడం ఎందుకు, రూట్ దగ్గర చూస్తే చాలదా? చాలదు. రూట్‌కి ఒకే చైల్డ్ ఉందనుకోండి. ఆ చైల్డ్‌కి రెండు వైపులా మూడేసి నోడ్ల తోకలున్నాయి. చైల్డ్ దగ్గర లెక్క 3 + 3 = 6. రూట్ దగ్గర 4 + 0 = 4. అతి పొడవైన దారి రూట్‌ని తాకనే లేదు.

కొందరు లోతుకొక ఫంక్షన్ విడిగా రాసుకుని, ప్రతి నోడ్ దగ్గరా దాన్ని మళ్లీ మళ్లీ పిలుస్తారు. జవాబు సరైనదే వస్తుంది. కానీ ట్రీ మొత్తం ఒకే వైపు తాడులా వేలాడుతూ 10,000 నోడ్లుంటే సుమారు 5 కోట్ల నోడ్లను తాకాల్సి వస్తుంది. పై కోడ్‌లో ప్రతి నోడ్‌నూ ఒక్కసారే చూస్తాం.

పైథాన్ రాసేవారికి ఒక మాట: లోపలి ఫంక్షన్ బయటి "పొడవు"ను మార్చాలంటే నాన్‌లోకల్ అని చెప్పాలి, లేకపోతే ఎర్రర్ వస్తుంది. జావాలో స్టాటిక్ వేరియబుల్ పెట్టి ఆన్‌లైన్ జడ్జికి (కోడ్‌ను టెస్ట్‌లతో సరిచూసే సైట్‌కి) పంపితే ఒక టెస్ట్ విలువ తర్వాతి టెస్ట్‌లోకి పాకే ప్రమాదం ఉంది. ప్రతిసారీ మొదట్లో 0 చేసుకోండి.

ఇదే ఎముకల గూడుకి వేరే మాంసం తొడిగితే అతి పెద్ద దారి మొత్తం (ఏ దారిలోనైనా విలువలు కూడితే వచ్చే అతి పెద్ద మొత్తం), అంటే ప్రోగ్రామింగ్ సాధన సైట్ లీట్‌కోడ్‌లో 124వ ప్రశ్న. అక్కడ దాన్ని హార్డ్ అని ముద్ర వేశారు గానీ డయామీటర్ అర్థమైనవాడికి కొత్తగా ఉండేవి రెండే సంగతులు. ఒక వైపు నుంచి రుణ సంఖ్య వస్తే ఆ వైపు వెళ్లనే వెళ్లం, గరిష్ఠం(0, ఎ) తీసుకుంటాం. జవాబును మాత్రం 0తో కాదు, రుణ అనంతంతో మొదలుపెడతాం. ట్రీలో ఉన్నది -3 ఒక్కటే అయితే జవాబు -3 కావాలి మరి.

ట్రీ బ్యాలెన్స్‌గా ఉందా (ప్రతి నోడ్ దగ్గరా రెండు వైపుల ఎత్తుల తేడా 1 దాటకుండా ఉందా) అన్న ప్రశ్న కూడా ఈ కోవదే. అడిగింది అవునా కాదా, పైకి పంపాల్సింది ఎత్తు. రెండూ కలిపి పంపే చిట్కా: బ్యాలెన్స్ తప్పితే -1 పంపండి. నోడ్లలో కొలిచే ఎత్తు ఎప్పుడూ -1 కాదు కాబట్టి అది ప్రమాద ఘంటికగా పనికొస్తుంది. ఏ వైపు నుంచైనా -1 వస్తే మీరూ -1 పంపేయండి.

నాలుగో అడుగు: పైనుంచి కిందికి ఏం పంపాలి?

ఇప్పటిదాకా కబురు కింది నుంచి పైకే వచ్చింది. కొన్ని లెక్కల్లో పైవాళ్ల సంగతి తెలియకుండా కింది నోడ్ ఏమీ చెప్పలేదు. మీ కాగితం మీద ఉన్నది బైనరీ సెర్చ్ ట్రీ, అంటే ప్రతి నోడ్‌కీ ఎడమవైపు ఉన్నవన్నీ చిన్నవి, కుడివైపువన్నీ పెద్దవి. ఇప్పుడు 40కి కుడి చైల్డ్‌గా 60 రాయండి. 60 40 కంటే పెద్దదే, పక్కపక్కన చూస్తే తప్పులేదు. 40 కూడా 30 కంటే పెద్దదే. కానీ 60 నిలబడ్డది 50కి ఎడమవైపు. ట్రీ చెడిపోయింది, చైల్డ్‌ను తల్లి నోడ్‌తో మాత్రమే పోల్చే కోడ్‌కి అది కనబడదు.

మందు: ప్రతి నోడ్‌కీ ఒక కింది హద్దు, ఒక పై హద్దు పంపండి. ఎడమకు దిగుతుంటే పై హద్దు మీ విలువ అవుతుంది, కుడికి దిగుతుంటే కింది హద్దు మీ విలువ అవుతుంది. 60 దగ్గరికి వచ్చేసరికి హద్దులు 40, 50. పొలం గట్టు దాటింది, పట్టుబడింది. రూట్‌కి హద్దులు పెట్టేటప్పుడు 32 బిట్ల ఇంటీజర్‌లోని అతి పెద్ద విలువ 2147483647 వాడకండి, అదే సంఖ్య నోడ్‌లో ఉంటే సరైన ట్రీని కూడా తప్పంటుంది. నల్ పెట్టండి, లేదా లాంగ్ (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే ఇంటీజర్) వాడండి.

కింది కబురు వేరియబుల్స్‌తో కాకుండా జాబితాతో పంపితే మరో తలనొప్పి. రూట్ నుంచి లీఫ్ దాకా అన్ని దారులూ అచ్చు వేయాలంటే ఒకే జాబితాలో నోడ్ చేరుస్తూ దిగుతాం. తిరిగి పైకి వచ్చేటప్పుడు చేర్చిన నోడ్‌ని తీసేయడం, లీఫ్ దగ్గర దాచుకునేటప్పుడు జాబితా కాపీ దాచుకోవడం, ఈ రెండింటిలో ఏది మరిచినా జవాబు చెత్తగా వస్తుంది. కాపీ మరిస్తే చివర్లో అన్ని దారులూ ఖాళీగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు దెయ్యం పట్టిందేమో అనిపిస్తుంది.

తిరగేసిన చెట్టు

2015లో మ్యాక్స్ హోవెల్, మ్యాక్ వాడేవాళ్లకి బాగా తెలిసిన హోంబ్రూ (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) తయారుచేసినవాడు, వైట్‌బోర్డు మీద బైనరీ ట్రీ తిరగేయలేకపోయినందుకు గూగుల్ తనను వద్దంది అని ట్విట్టర్‌లో రాశాడు. అప్పటి నుంచి ఆ ప్రశ్న ఒక సామెతలా అయిపోయింది. అది మనిషి పనితనాన్ని కొలుస్తుందా అంటే నాకు నమ్మకం లేదు. అయినా అడుగుతారు కాబట్టి నేర్చుకోవాలి. వాగ్దానం: ఏ నోడ్ ఇచ్చినా దాని కింది చెట్టును అద్దంలో చూసినట్టు మార్చి ఆ నోడ్‌నే తిరిగి ఇస్తుంది. ఉచ్చు ఇదిగో:

    నోడ్.ఎడమ = తిరగేయి(నోడ్.కుడి)
    నోడ్.కుడి = తిరగేయి(నోడ్.ఎడమ)

రెండో లైన్‌కి వచ్చేసరికి నోడ్.ఎడమ పాతది కాదు, అప్పుడే పెట్టిన కొత్తది. అసలు ఎడమవైపు మొత్తం పోయి, రెండు వైపులా ఒకే కొమ్మ వేలాడుతుంది. ముందు రెండు ఫలితాలనూ ఎ, కు అని పట్టుకోండి, తర్వాత మార్చండి. ఐదు లైన్ల మూసలో ఎ, కు కోసం విడి లైన్లు ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలిసిందిగా.

స్టాక్ ఎక్కడ చాలదు

పక్కాగా నిండిన ట్రీలో 20 వరుసలుంటే 10,48,575 నోడ్లు పడతాయి. పది లక్షల నోడ్లకి రికర్షన్ దిగేది 20 మెట్లే. భయం లేదు. భయమంతా తాడులా వేలాడే ట్రీతోనే. సాధారణ సెర్చ్ ట్రీలో వరుస క్రమంలో ఉన్న సంఖ్యలను ఒక్కొక్కటిగా చేరిస్తే వచ్చేది అదే. పైథాన్ మామూలుగా 1000 పిలుపుల లోతు దగ్గర ఆపేస్తుంది. సెట్‌రికర్షన్‌లిమిట్‌తో ఆ హద్దు పెంచవచ్చు. మరీ లోతైతే మీరే ఒక జాబితాను స్టాక్‌గా పెట్టుకుని లూప్ రాయడం మేలు. అయితే మొదట రికర్షన్‌లో రాసి, అది సరిగ్గా నడిచాకే అటు వెళ్లండి.

ఏ వరుసలో సాధన చేయాలి

లీట్‌కోడ్ నంబర్లతో చెబుతాను. మొదటి రోజు 104 (ఎత్తు), 226 (తిరగేయడం), తర్వాత 111 (అతి తక్కువ లోతు). 111ని తేలిగ్గా తీసుకోకండి, నా అనుభవం చెప్పానుగా. ఆ తర్వాత 112 (దారి మొత్తం), 110 (బ్యాలెన్స్). 543కి (డయామీటర్) ఒక రోజంతా కేటాయించండి. కోడ్ చూడకుండా, మర్నాడు పొద్దున కాగితం మీద మళ్లీ రాయగలిగితేనే 124కి వెళ్లండి. 98 (సెర్చ్ ట్రీ సరైనదేనా) ఎప్పుడు చేసినా ఫరవాలేదు. 236, అంటే రెండు నోడ్ల ఉమ్మడి పూర్వీకుణ్ణి వెతకడం, చివర్లో పెట్టుకోండి. అందులో వాగ్దానం కాస్త వంకరగా ఉంటుంది: "ఇద్దరిలో ఒకరే నా కింద ఉంటే ఆ ఒకరిని, ఇద్దరూ ఉంటే వాళ్ల ఉమ్మడి పూర్వీకుణ్ణి, ఎవరూ లేకపోతే ఖాళీని తిరిగి ఇస్తాను." రెండు వైపుల నుంచీ ఏదో ఒకటి వస్తే ఆ పూర్వీకుడు మీరే. మీ కాగితం మీద 20, 80లకి 50, 30, 40లకి 30 రావాలి.

సబ్మిట్ నొక్కేముందు నాలుగు చెట్లు నడిపించండి: ఖాళీది, ఒకే నోడ్ ఉన్నది, మూడు నోడ్ల తాడు, ఇంకా మీరు మొదట్లో గీసినది. నాలుగోదాన్ని నడిపేటప్పుడు 70 దగ్గర కాసేపు ఆగండి.